మా అత్తగారి ఆర్గన్ వేసవి

మా అత్తగారు ఇరవై ఆరేళ్ళపాటు జనాన్ని గుండ్రంగా తిప్పారు. ఎగతాళికి అనటం లేదు, ఆవిడ ఉద్యోగమే అది. చక్రాల బూట్లు వేసుకుని తిరిగే స్కేటింగ్ రింకులో, పైన బాల్కనీలో కూర్చుని, బీరువా అంత ఆర్గన్ వాయించేవారు. ఆవిడ నెమ్మదిగా వాయిస్తే కింద జనం నెమ్మదిగా తిరిగేవారు. వేగం పెంచితే పరిగెత్తేవారు. ఆపితే గోడలు పట్టుకుని నిలబడేవారు. ఇంట్లో మాత్రం ఆవిడ మాట మీద ఎవరమూ తిరిగేవాళ్ళం కాదు. అసలు ఆవిడ మాట్లాడితే కదా.

ఆ ఏడు వేసవి మొదట్లో రింకు పైకప్పు బీటలు వారింది. మరమ్మతు అయ్యేదాకా తలుపులు తియ్యకూడదన్నారు. రింకు యజమాని మెడలో ఎప్పుడూ ఒక ఈల వేలాడుతుంటుంది కాబట్టి అందరికీ ఆయన ఈల మాస్టారు. ఆయన బస్సు డిపో వెనక ఖాళీగా పడి ఉన్న టైల్సు గోడౌను ఒకటి వేసవికి తీసుకున్నాడు. నేల నున్నగా ఉంది, గాలి ఆడుతుంది, జనం ఎలాగూ వస్తారు. రానిదల్లా ఆర్గన్ ఒక్కటే. దాన్ని బాల్కనీలోకి ఎక్కించాకే ముందువైపు గోడ కట్టారట. గోడ పగలగొడితే తప్ప దిగదు, దిగినా ఆరుగురు పడితే తప్ప కదలదు.

"ఈ వేసవికి ఫోన్లో పాటలు పెట్టేస్తానమ్మా, మీరు విశ్రాంతి తీసుకోండి" అన్నాడట మాస్టారు.

ఆ మాట మా అత్తగారు మాకు మూడు రోజుల తర్వాత, భోజనాల దగ్గర చెప్పారు. చెప్పటం కూడా నాకు కాదు, మా ఆయనకి.

"చెల్లెలు ఎప్పట్నుంచో రమ్మంటోందిరా. దాని ఇంట్లో ఒక గది ఖాళీగా ఉందట. వెళ్ళిపోతాను."

"ఎన్నాళ్ళకి?" అన్నాడు మా ఆయన, ముద్ద చేతిలోనే పట్టుకుని.

"వెళ్ళిపోతానంటే ఎన్నాళ్ళకేమిట్రా. ఇక్కడ నాకేం పని?"

దాచుకోవటమెందుకు, ఆ క్షణంలో నాకు సంతోషం కలిగింది. కిటికీ ఉన్న గది ఖాళీ అవుతుందనుకున్నాను. అందులో నా బల్ల ఎటువైపు వెయ్యాలో కూడా అనుకున్నాను. పెళ్ళయి పదకొండేళ్ళయినా అత్తగారికీ నాకూ మధ్య గ్యాస్ అయిపోయింది, నీళ్ళు వస్తున్నాయి, తాళం ఎక్కడ పెట్టావు, ఈ మూడు మాటలే నడిచేవి. పోట్లాట అంటూ ఏమీ లేదు. పోట్లాట ఉంటే ఆ వంకనైనా నాలుగు మాటలు ఉండేవి.

మా ఆయన బస్సు డ్రైవరు. ఏ సంగతైనా బ్రేకు వేసి అక్కడికక్కడే తేల్చుకుందామనే మనిషి. మర్నాడు డిపో నుంచి తిన్నగా మాస్టారి దగ్గరికి వెళ్ళి, మొదటి ఆదివారం అమ్మ వాయిస్తుంది, జనానికి నచ్చితే వేసవంతా వాయిస్తుంది, నచ్చకపోతే మీ ఫోను మీ ఇష్టం అని ఒప్పించి వచ్చాడు. మాస్టారు ఒప్పుకుంటూనే ఇంకో మాట కూడా అన్నాడట. మరమ్మతులో ఆ బాల్కనీ తీయించేసి కుర్చీలు వేయిద్దామనుకుంటున్నాడు, ఉంచాలా తియ్యాలా అన్నది ఈ వేసవి చూసి తేల్చుకుంటాడు. అంటే ఫోను పాటలతో వేసవి గడిచిపోతే రింకుకి ఆర్గన్ అక్కర్లేదని తేలిపోతుంది. మా అత్తగారి ఉద్యోగమూ అంతే, మా ఇంట్లో ఆవిడ ఉండటమూ అంతే.

నాలుగు రోజుల్లో మా ఆయన ఒక కీబోర్డు మోసుకొచ్చాడు. హాల్లో పెడితే మనుషులు పక్కకి తిరిగి నడవాల్సి వచ్చింది.

"ఎనభై ఎనిమిది మెట్లమ్మా. నీ పాతదాని మీద ఒక్కో వరసకి అరవయ్యొకటే కదా" అన్నాడు, తనే తయారు చేసినట్టు.

ఇంట్లో ఉన్న పాత ట్యాబులో ఆర్గన్ చప్పుడు వచ్చే యాప్ ఒకటి ఎక్కించాడు. వైరు అక్కర్లేని స్పీకరు ఒకటి గూట్లో పెట్టాడు. ఆవిడ కూర్చుని ఒక పాట వాయించి "బాగుందిరా" అన్నారు. అంతటితో ఆ పని అయిపోయిందనుకున్నాం.

వారం తర్వాత వంటింట్లో చూశాను. ఆవిడ గ్లాసు ఎడమ చేత్తో కడుగుతున్నారు. కుడి చెయ్యి చీర కొంగులో ఉంది. నా వృత్తి అలాంటిది, కళ్ళద్దాల షాపులో కళ్ళు పరీక్ష చేస్తాను, మనిషి తల ఎటు వంచాడో కూడా చూడటం అలవాటైపోయింది. దగ్గరికి వెళ్ళి కొంగు తీశాను. బొటనవేలి గోరు పక్కన చర్మం లేచిపోయింది. అరచేతి అంచుకి రెండు చోట్ల ప్లాస్టరు వేసి ఉంది.

"ఏమైంది అత్తయ్యా?"

"ఏం లేదు."

"వేలు చీరుకుపోయింది, ఏం లేదంటారేమిటి?"

ఆవిడ కుళాయి కట్టేశారు. "ఆర్గన్ మీద అరచెయ్యి ఈ చివర్నుంచి ఆ చివరికి ఈడుస్తాం. అలా ఈడిస్తేనే వేగం పెరుగుతోందని కింద వాళ్ళకి తెలుస్తుంది. దీని మెట్లు బరువు. అంచులు కోసుకుంటున్నాయి."

"మరి చెప్పొచ్చు కదా?"

"వాడు సంతోషంగా తెచ్చాడు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద అన్నది అప్పుడు తెలియలేదు. ఇంకా ఏమైనా ఇబ్బంది ఉందా అని గట్టిగా అడిగితే, "పాట ఆలస్యంగా వస్తోంది" అన్నారు. "నా వేళ్ళు ముందు వెళ్ళిపోతున్నాయి. పాట వెనకాల నడుచుకుంటూ వస్తోంది. దానికోసం ఆగితే చేతులు తడబడుతున్నాయి."

వారం రోజులు ఆవిడ ఆ చేత్తో, ఆ ఆలస్యంతో, కిమ్మనకుండా వాయించారు. నేను పక్క గదిలో బట్టలు మడతపెడుతూ, అబ్బ, ఈ గోల ఎప్పుడు వదులుతుందా అనుకున్నాను. అది గుర్తొస్తే ఇప్పటికీ నాకు సిగ్గుగానే ఉంటుంది.

మర్నాడు మధ్యాహ్నం షాపులో భోజనాల వేళ ఫోను ముందేసుకుని చదివాను. ఆలస్యానికి కారణం ఆ వైరులేని స్పీకరని పది నిమిషాల్లో తెలిసింది. వైరుతో కలిపితే పోతుంది. మెట్ల సంగతికి మాత్రం మనిషి కావాలి. మా షాపుకి అద్దాల కోసం వచ్చే ఒకాయన పాటకచేరీల్లో ఒకదాని మీద ఒకటి రెండు కీబోర్డులు పెట్టుకుని వాయిస్తాడు. ఆయన్ని మేం రెండంతస్తులాయన అంటాం. ఆయనకి ఫోను చేసి, అత్తగారిని వెంటబెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. మా ఆయన ఆ పొడుగు కీబోర్డుని వెనక మోసుకొచ్చాడు, మొహం చిన్నబుచ్చుకుని.

ఆయన ఇంట్లో కుర్చీల మీద కూడా కీబోర్డులే ఉన్నాయి. ఒకటి తీసి గోడకి ఆనిస్తే గానీ అత్తగారికి కూర్చోటానికి చోటు దొరకలేదు.

"ఏం వాయిస్తారమ్మా మీరు?"

"మనుషుల్ని తిప్పుతాను" అన్నారు మా అత్తగారు.

ఆయన నవ్వలేదు, అర్థమైనట్టు తలూపాడు. మా పొడుగుదాన్ని చూసి, "ఇది మంచిదే, పియానో వాళ్ళకి. పియానోకి బరువు కావాలి. ఎంత గట్టిగా నొక్కితే అంత గట్టిగా పలుకుతుంది. ఆర్గన్‌కి ఆ బాధ లేదు, ముట్టుకుంటే చాలు పలకాలి" అన్నాడు. లోపల్నుంచి ఇంకొకటి తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. పొట్టిది, తేలికది, మెట్ల ముందు అంచు గుండ్రంగా ఉంది.

ఆవిడ ప్లాస్టరు ఉన్న అరచెయ్యి దాని మీద పెట్టి, ఈ చివర్నుంచి ఆ చివరికి ఒక్క ఈడ్పు ఈడ్చారు. చెయ్యి జారింది. ఇంకోసారి ఈడ్చారు. మూడోసారి ఆవిడ మొహం చూశాను. పదకొండేళ్ళుగా ఆ మొహం నేను రోజూ చూస్తున్నాననే అనుకున్నాను.

మాది ఉంచుకుని ఆయన అలాంటివి రెండు ఇచ్చాడు, ఒకదాని మీద ఒకటి పెట్టుకోవటానికి. చప్పుడు పెంచటానికీ తగ్గించటానికీ కాలితో నొక్కే పెడలు కూడా ఇచ్చాడు. పై అంతస్తుకి తొమ్మిది జారుడు పుల్లలు ఉన్నాయి. పాత ఆర్గన్ మీద కూడా అలాంటి తొమ్మిది పుల్లలే ఉంటాయట, ఏది ఎంత లాగితే ఆ నాదపు రంగు అంత పలుకుతుందట. మా ఆయనా నేనూ సామాను బస్టాండు దాకా చేరుస్తుంటే, రెండంతస్తులాయన ఆ పుల్లల గురించి అత్తగారికి ఏదో చెబుతూ ఉన్నాడు. ఏం చెప్పాడని నేను అడగలేదు. ఆవిడా చెప్పలేదు.

ఇక మిగిలింది మంచి యాప్ ఏదో తేల్చటం. అలాంటివి నాలుగు దొరికాయి. పేర్లు నోరు తిరగక వాటి బొమ్మల రంగుల్ని బట్టి ఎర్రది, నల్లది, నీలంది, గోధుమరంగుది అనుకున్నాం. ఏది మంచిదంటే ఎవరిని అడిగినా తమ దగ్గర ఉన్నదే మంచిదన్నారు. నాకు సంగీతం ఒక్క ముక్క రాదు. కానీ మనిషి కళ్ళ ముందు అద్దాలు మార్చి మార్చి, ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా అని అడగటం వచ్చు. మనం ఏది అనుకుంటున్నామో ఎదుటివాళ్ళకి తెలియనివ్వకుండా అడగటం కూడా వచ్చు.

ఒక సెలవు రోజు పొద్దున్నే ట్యాబు మీద తువ్వాలు కప్పి, కిందినుంచి చెయ్యి పెట్టి యాప్‌లు మారుస్తూ కూర్చున్నాను. అత్తగారు ప్రతిదాని మీదా ఒకే పాట వాయించాలి.

"ఇదా, ఇందాకటిదా?"

"ఇందాకటిది."

"ఇప్పుడు?"

"ఇది మరీ కడిగినట్టుంది. ఎవరూ ముట్టుకోని ఆర్గన్."

అది ఎర్రది. నల్లదానికి, గుహలో కూర్చోబెట్టారా నన్ను, అన్నారు. నీలందాని మీద ఆవిడ చెయ్యి చాలాసేపు నిలిచింది, కానీ మా పాత ట్యాబు దాన్ని మోయలేక చిటపటలాడింది. చివరిది మొదలుపెట్టగానే ఆవిడ వాయించటం ఆపి, ఒకే మెట్టుని మళ్ళీ మళ్ళీ ముట్టుకున్నారు. ముట్టుకున్నప్పుడల్లా చిన్న టిక్కుమనే చప్పుడు వస్తోంది, వెనకాల సన్నగా గుయ్యిమంటోంది.

"ఇది పాడైనట్టుంది అత్తయ్యా, మార్చనా?"

"మార్చకు. ఇందులో దుమ్ముంది" అన్నారు. "మాది కూడా ఇలాగే టిక్కుమనేది. కొత్తలో బాగుచేయించమని నేనే గొడవ చేశాను. తర్వాత తెలిసింది, కింద వాళ్ళు కాలు వేసేది ఆ టిక్కు మీదే."

నమ్మకం కుదరక, షాపులో చేసినట్టే, మార్చినట్టు నటించి అదే మళ్ళీ పెట్టాను. ఆవిడ రెండు వరసలు వాయించి నా వైపు తిరిగారు.

"ఇది ఇందాకటిదే. నన్ను పరీక్ష చేస్తున్నావా అమ్మాయ్?"

నాలుక కరుచుకున్నాను. ఆవిడ నవ్వారు. ఆ పూట ఇద్దరం వంట మర్చిపోయాం. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి, ఖాళీ పొయ్యినీ తువ్వాలు కప్పిన ట్యాబునీ చూసి, తనే బియ్యం కడిగాడు.

ఒక్క చిక్కు మిగిలింది. పాత ఆర్గన్‌కి ఒక స్పీకరు ఉంటుందట, లోపల గిర్రున తిరుగుతుంది. నెమ్మదిగా తిరిగితే పాట ఊగుతుంది, వేగంగా తిరిగితే వణుకుతుంది. ఎడమ చెయ్యి పక్కనే ఉన్న మీటతో అది మారుస్తారు. యాప్‌లో ఆ మీట ట్యాబు మీద బొత్తాంగా ఉంది, చెయ్యి అందదు. ఎడమ కాలితో నొక్కేది పెట్టి చూశాం, ఆ కాలు మాట వినలేదు. చివరికి నేను పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఆవిడ గడ్డం కాస్త ఎత్తితే వేగం, దించితే నెమ్మది, బొత్తాం నొక్కటం నా పని. మొదట్లో ఆవిడ తుమ్ము వచ్చి తలెత్తినా నొక్కేసేదాన్ని.

ఆదివారం వచ్చింది. ఆట నాలుగింటికి. పొద్దున్నే నేను ట్యాబు తీసి, పరీక్ష గదిలో పనిముట్లు సర్దుకున్నట్టు అన్నీ ఒక్కొక్కటే సరిచూశాను. ఫోన్లూ కబుర్లూ రాకుండా విమానం బొమ్మ నొక్కాను. చార్జింగు వైరు కలిపాను. యాప్ లోపలి సెట్టింగుల గడుల్లో ఒకచోట పుల్లలు తిరగేసి పని చెయ్యాలని టిక్కు పెట్టి ఉంది. తిరగేసి ఏమిటి, పైకి తోస్తే పెరగాలి, కిందికి లాగితే తగ్గాలి, ఎవరి వేలో తగిలి ఉంటుందనుకుని టిక్కు తీసేశాను. ఎవరికీ చెప్పలేదు. ఇది చెప్పాల్సిన సంగతని తోస్తే కదా.

గోడౌను నిండిపోయింది. మాస్టారు మధ్యలో నిలబడి ఈల వేశాడు. ఒక చేతిలో ఫోను, పాటలు సిద్ధంగా పెట్టుకుని, దాని వైరు కూడా స్పీకర్లకి కలిపే ఉంచాడు. అత్తగారు మొదలుపెట్టారు. ముందు కొత్తవాళ్ళ చుట్టు, పడుతూ లేస్తూ. తర్వాత జంటల చుట్టు. తర్వాత ఎదురు చుట్టు. ముందే దాచి పెట్టుకున్న రంగులు ఒక్కొక్కటే మారుస్తూ వాయించారు, పుల్లల జోలికి పోలేదు. గడ్డం ఎత్తితే నొక్కాను, దించితే నొక్కాను. గంటన్నర ఎలా గడిచిందో తెలియలేదు. మాస్టారు కాలితో తాళం వేస్తున్నాడు.

చివరిది వేగం చుట్టు. ఇక్కడే ఆవిడ మొత్తం ఆర్గన్ని ఒక్కసారి విప్పుతారు. అరచెయ్యి మెట్ల మీద ఈడుస్తూనే, ఎడమ చేతిని తొమ్మిది పుల్లల మీద పరిచి, అన్నీ తన వైపుకి లాగారు.

ఆర్గన్ ఆగిపోయింది.

పాత ఆర్గన్ మీద పుల్ల లాగితే పెరుగుతుంది. ఇరవై ఆరేళ్ళ చెయ్యి అలాగే లాగుతుంది. అందుకే ఆ టిక్కు. అది ఎవరి వేలో తగిలి పడింది కాదు, ఆ రోజు రెండంతస్తులాయన చెప్పినట్టు ఆవిడే పెట్టుకున్నారు. నేను తీసేశాను.

జనం మాత్రం ఆగలేదు, ఆ వేగంలో ఆగటం కుదరదు కూడా. పాట లేని గోడౌనులో అంతమంది చక్రాల చప్పుడు ఒక్కటే గరగరమంటూ చుట్టూ తిరిగింది. మాస్టారి బొటనవేలు ఫోను మీదకి వెళ్ళింది. అత్తగారు నా వైపు చూశారు. అటు నెట్టండి అని చేత్తో సైగ చేశాను.

ఆవిడ వెంటనే నెట్టలేదు. తలతో తాళం లెక్కపెట్టుకుంటూ, ముందు వరసలో ఉన్నవాళ్ళు మూల తిరిగేదాకా ఆగారు. అప్పుడు తొమ్మిదింటినీ ఒక్కసారి అటు తోశారు, గడ్డం ఎత్తారు. నేను నొక్కాను. ఆర్గన్ వచ్చింది, సరిగ్గా వాళ్ళ కాలు పడే చోట. గోడౌనంతా అరుపులూ ఈలలూ.

ఆట అయ్యాక మాస్టారు దగ్గరికి వచ్చాడు.

"మధ్యలో ఆగిందేమిటమ్మా?"

నేను నోరు తెరిచేలోపే అత్తగారు అన్నారు, "ఆపాను మాస్టారూ. ఎప్పుడూ నేనే మోగుతుంటే వాళ్ళ చక్రాల చప్పుడు వాళ్ళకి వినపడదు కదా. ఒకసారి విననిద్దామని."

"రేపు కూడా ఆపండి" అని మాస్టారు ఫోను జేబులో పెట్టుకున్నాడు.

ఇంటికి వస్తూ బస్సులో చెప్పేశాను, ఆ టిక్కు తీసింది నేనేనని.

"నువ్వు చేత్తో అటు అన్నప్పుడే తెలిసింది. అది పెట్టినట్టు నేను నీకు చెప్పలేదు. తీసినట్టు నువ్వు నాకు చెప్పలేదు. మన ఇంట్లో ఇంకేం జరుగుతుంది?" అన్నారు.

"మరి ఆయనతో మీరే ఆపానన్నారు?"

"నా చేత్తోనే కదా ఆగింది."

కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. ఇంకెవరైనా అయితే ఆ మాట నాకు ఏడాది పాటు గుర్తుచేసేవాళ్ళు. ఆవిడ ఇంకోసారి ఎత్తలేదు. ఆ రోజు బస్సులో నాకు కలిగిన కృతజ్ఞత ఎలా చెప్పాలో తెలియక, ఆవిడ సంచి తీసి నా ఒళ్ళో పెట్టుకున్నాను.

ఆ వేసవంతా నేను షాపులో పూట సెలవులు పెట్టాను, తోటివాళ్ళతో డ్యూటీలు మార్చుకున్నాను. ప్రతి సాయంత్రం చివరి చుట్టులో అత్తగారు ఆర్గన్ ఆపేవారు. ఆపే వేళకి జనం కూడా మాటలు మానేసేవారు. ఎండలు ముదిరాక ట్యాబు వేడెక్కి రెండుసార్లు నల్లబడిపోతే, దాని పక్కన చిన్న ఫ్యాను పెట్టాను. ఒకరోజు అందరికంటే ముందు వెళ్ళి, కీబోర్డు మెట్లు తుడుస్తూ, ఉండబట్టలేక అడిగేశాను.

"మీ చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతానన్నారే, ఆ రోజు నాకు సంతోషం వేసింది అత్తయ్యా. మీకు చెప్పకుండా ఉంటే బాగుండటం లేదు."

"తెలుసు" అన్నారు ఆవిడ, తుడవటం ఆపకుండా. "ఆ రోజు నువ్వు నాకు అడక్కుండా రెండోసారి వడ్డించావు."

నాకు తల కొట్టేసినట్టయింది.

"నాకూ కొంచెం సంతోషంగానే ఉండిందిలే. మా చెల్లెలికి నోరెక్కువ, పొద్దస్తమానం మాట్లాడుతూనే ఉంటుంది. మన ఇంట్లో ఎవరి గదిలో వాళ్ళం. రింకు నుంచి వచ్చాక ఆ నిశ్శబ్దానికి నాకు చెవులు నొప్పి పుట్టేవి."

పదకొండేళ్ళూ నేను ఆ నిశ్శబ్దాన్ని మర్యాద అనుకున్నాను. ఆవిడని కదిలించకపోవటం, అడ్డు రాకపోవటం, ఇవన్నీ నేను చేస్తున్న మంచి అనుకున్నాను. ఆ మాట ఆవిడతో అన్నాను కూడా. "నేనూ అదే అనుకున్నాను" అన్నారు. కాసేపటికి ఇద్దరికీ నవ్వొచ్చింది. స్పీకర్లు తెచ్చినాయన మమ్మల్ని చూసి, ఏమైందమ్మా అని అడిగాడు.

వానలు మొదలయ్యే ముందు గోడౌను ఖాళీ చెయ్యాల్సిన రోజు వచ్చింది. మాస్టారు పొద్దున్నే కనిపించి, బాల్కనీ తియ్యటం లేదని, మేస్త్రీకి చెప్పేశానని, పాత రింకు తెరిచాక పైన పెద్దదీ కింద ఈ చిన్నదీ రెండూ ఉండాలని, ఈల నోట్లో పెట్టుకునే చెప్పాడు. మా ఆయన ఆ వార్త వినగానే స్పీకరు భుజం మీదకి ఎత్తుకుని, అవసరం లేకపోయినా రెండు చుట్లు తిరిగి వచ్చాడు.

అత్తగారూ నేనూ వైర్లు చుడుతున్నాం. ఆవిడ రెండు చేతులకీ వైరు చుట్టుకుని ఉండగా ఫోను మోగింది. వాళ్ళ చెల్లెలు. ఎత్తి చెవి దగ్గర పెట్టమన్నారు. పెట్టాను. చెల్లెలి గొంతు నాకూ వినపడుతూనే ఉంది.

"గదికి రంగు వేయించానక్కా. వేసవి అయిపోయాక చూద్దామన్నావు కదా. ఎప్పుడొస్తున్నావు?"

"చూడటానికి వస్తాను. ఉండటానికి కుదరదే. ఇక్కడ వాయిస్తున్నాం."

"వాయిస్తున్నాం ఏమిటి, నువ్వు కదా వాయించేది?"

"ఇద్దరం" అన్నారు మా అత్తగారు, వైరు ముడి విప్పుతూ. "నేనూ, మా కోడలూ."

నేను ఆ వేసవిలో ఒక్క మెట్టు కూడా నొక్కలేదు. ఆ మాట అందామనుకున్నాను. ఆవిడ మొహం చూద్దామని వంగేసరికి ఫోను ఆవిడ చెవి దగ్గర్నుంచి పక్కకి జరిగిపోయింది.

"సరిగ్గా పట్టుకో అమ్మాయ్, దాని మాట వినపడట్లేదు" అన్నారు.